వేటమాంసమా, మేకమాంసమా?
ఆహార పొట్లముల వెనుక దాగిన రుచులను గుర్తించుట ఎట్లు?



ఆదికాండము 27వ అధ్యాయములోని వృత్తాంతము మన పిల్లలకు కూడ తెలిసినదే. ఇస్సాకు ముసలివాడయ్యాడు, చూపు మందగించింది. వేటాడి తెచ్చిన మాంసము వండి పెట్టమని పెద్దకుమారుని పంపాడు. ఈలోగా రిబ్కా మందలోని రెండు మేకపిల్లలను తెప్పించి, భర్త నాలుకకు ఏది ఇష్టమో ఆ రుచి వచ్చేట్టు వండింది. ఆ ముసలి తండ్రి గొంతు విని అనుమానించాడు. వేట ఇంత త్వరగా ఎట్లు దొరికిందని అడిగాడు. చేతులు తడిమి చూశాడు. కాని తినిన తరువాత ఇది వేటమాంసము కాదే అని ఆయన అన్నట్టు ఎక్కడా లేదు. చెవి అనుమానించింది గాని నాలుక నమ్మింది.

ఈ భాగము మీద ప్రసంగములు మనము చాలా విన్నాము. ఈ నెల మాత్రము ఆ వంటపాత్ర వైపు ఒకసారి చూద్దాము. రుచికి అంత శక్తి ఉన్నది. మేకపిల్లను వేటమాంసముగా నమ్మించగల శక్తి ఉన్నది. ఈ రోజున మన గ్రామములలో ఏ చిల్లరకొట్టు ముందు నిలబడినా, రంగురంగుల పొట్లములు దండలవలె వ్రేలాడుచున్నవి. వాటిలో ఉన్నది చాలావరకు మైదా, బియ్యపుపిండి, మొక్కజొన్నపిండి, బంగాళాదుంప, నూనె, ఉప్పు. పిల్లవాని నోటికి మాత్రము అది కోడికూరవలె, మసాలా విందువలె తోస్తుంది. ఆ తేడాను తెచ్చేది ఏమిటి? అది పొట్లము మీద వ్రాసి ఉంటుందా? ఉంటే ఎక్కడ, ఏ పేరుతో ఉంటుంది?

మేము వైద్యులము కాము, వాక్యము చెప్పువారము. అయినను గృహదర్శనములకు వెళ్ళినప్పుడు మేము తరచుగా చూచేది ఒకటున్నది. పప్పు, అన్నము కలిపి తల్లి పిల్లవాని వెనుక తిరుగుతుంది. వాడు ముఖము త్రిప్పుకొంటాడు. చేతిలో ఐదు రూపాయల పొట్లము పెడితే కూర్చొని చివరి పలుకు వరకు తింటాడు. “అయ్యగారూ, వీడికి ఇంటి కూడు రుచించడము లేదండి” అని ఆ తల్లి అంటుంది. కూలికి వెళ్ళి వచ్చి, ఉన్నదానితో వండిన ఆమె తప్పేమీ లేదు. పిల్లవాని నాలుక ఎవరి చేతిలో శిక్షణ పొందుచున్నదో తెలిసికొనవలసి ఉన్నది.

రుచిని పెంచే పదార్థము అంటే ఏమిటి?

తీపి, పులుపు, ఉప్పు, చేదు అనే రుచులు మనకు తెలుసు. మాంసపు పులుసులో, పండిన టమాటాలో, పుట్టగొడుగులలో వీటన్నిటికి వేరుగా నోరూరించే కమ్మదనము ఒకటున్నది. జపాను దేశములో టోక్యో విశ్వవిద్యాలయమునకు చెందిన కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1908లో సముద్రపు నాచు కాచిన పులుసును పరీక్షించి, ఆ కమ్మదనమునకు కారణము గ్లుటామేట్ అని కనుగొన్నాడు. దానికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి సంవత్సరము, 1909లో, ఆ పదార్థము తెల్లని పొడిగా అజినోమోటో అనే పేరుతో బజారుకు వచ్చింది. ఆ మాటకు జపాను భాషలో రుచికి మూలము అని అర్థము. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మోనోసోడియం గ్లుటామేట్. పొడి అక్షరములలో ఎం.ఎస్.జి. అంటారు. మన హోటళ్ళవారు టేస్టింగ్ సాల్ట్ అంటారు.

తరువాత 1913లో ఇకెడా శిష్యుడు కొడామా ఎండుచేపలలో ఇనోసినేట్ అనే మరియొక పదార్థమును కనుగొన్నాడు. గ్వానిలేట్ అనేది కూడ ఇదే జాతికి చెందినది. ఈ రెండింటిలో ఏదైనా గ్లుటామేట్‌తో కలిసినప్పుడు రుచి ఒకటికి రెండు కాదు, అనేక రెట్లు పెరుగుతుంది. ఈ సంగతి ముందుకు మనకు పనికివస్తుంది గనుక జ్ఞాపకముంచుకొనండి.

గ్లుటామేట్ అనేది ఎక్కడినుండో వచ్చిన విషము కాదు. మాంసకృత్తులలో ఉండే ఒక భాగమే. తల్లిపాలలో కూడ ఉన్నది. టమాటా పప్పుకు, ఎండుచేపలు వేసిన వంకాయ కూరకు వచ్చే కమ్మదనములో దాని పాలు ఉన్నది. బజారులో అమ్మే పొడిని నేడు చెరకు మడ్డినో, కర్రపెండలపు పిండినో సూక్ష్మజీవులతో పులియబెట్టి తీయుచున్నారు. మన ఇడ్లీపిండి పులిసినట్టే అదియు పులియబెట్టిన సరకే.

పొట్లము వెనుకకు త్రిప్పండి

పొట్లము ముందు వైపు వ్యాపారి మాట్లాడుతాడు. వెనుక వైపు చట్టము మాట్లాడిస్తుంది. మన దేశములో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అనగా ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., నియమముల ప్రకారము పొట్లములో వేసిన పదార్థముల జాబితా ముద్రించాలి. దానిని ఇంగ్లీషులో ఇన్‌గ్రీడియంట్స్ అంటారు. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత వస్తుంది. మైదా ముందుండి, కూరగాయల పేర్లు చివర ఉన్నట్లయితే, బొమ్మలో ఎన్ని క్యారెట్లు ఉన్నను లోపల ఉన్నది మైదాయే.

రుచి పెంచే పదార్థములకు ఆ జాబితాలో ఫ్లేవర్ ఎన్‌హాన్సర్ అని తరగతి పేరు ఉంటుంది. దాని ప్రక్కన పదార్థము పేరైనా ఉండాలి, లేదా అంతర్జాతీయ సంఖ్య అయినా ఉండాలి. చాలామంది కంపెనీవారు సంఖ్యనే ముద్రిస్తారు. పేరు చదివితే తెలిసిపోతుంది, సంఖ్య చూస్తే ఎవరికీ తెలియదని వారి భావమేమో! అయితే దీనిలో మనకు ఒక మేలున్నది. మన తల్లులలో ఇంగ్లీషు రానివారు ఎందరో ఉన్నారు. అంకెలు రానివారు తక్కువ. బస్సు నంబరు చదివే అవ్వ, టెలిఫోను నంబరు నొక్కే అవ్వ ఈ సంఖ్యలను కూడ చదవగలదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి ఇవి:

620 – గ్లుటామిక్ ఆమ్లము.
621 – మోనోసోడియం గ్లుటామేట్, అనగా టేస్టింగ్ సాల్ట్.
622 నుండి 625 వరకు – గ్లుటామేట్ యొక్క ఇతర రూపములు.
627 – గ్వానిలేట్.
631 – ఇనోసినేట్.
635 – 627, 631 కలిసిన మిశ్రమము.

ఒక్క మాటలో చెప్పాలంటే, 620 మొదలు 635 వరకు ఏ సంఖ్య కనబడినను అది రుచి పెంచుటకు వేసినదే. ఈ సంఖ్యల ముందు ఐ.ఎన్.ఎస్. అని గాని, విదేశీ సరకైతే ఇ అనే అక్షరము గాని ఉండవచ్చును.

అన్ని సంఖ్యలకు బెదరవలసిన పని లేదు. 330 అంటే మనము వాడే నిమ్మ ఉప్పే. 500 తరగతిలో వంటసోడా ఉన్నది. 412 గోరుచిక్కుడు జాతి గింజల నుండి తీసిన జిగురు. 300 విటమిన్ సి. సంఖ్య ఉన్నదంటే అది వరుసలో చేర్చిన పదార్థమని అర్థమే గాని, విషమని అర్థము కాదు.

నూడుల్స్ పొట్లములలో సేమియా ముద్దకు ఒక జాబితా, మసాలా పొడికి మరియొక జాబితా ఉంటుంది. రెండవది చదవండి. చిప్సులలో మసాలా అనో, సీజనింగ్ అనో వ్రాసి, దాని ప్రక్కన కుండలీకరణములలో చిన్న అక్షరములతో ఇవి ఉంటాయి. అరచేతిలో ఇమిడే మరీ చిన్న పొట్లములకు కొన్ని వివరములు ముద్రించకుండ మినహాయింపు ఉన్నది. అటువంటప్పుడు అవి వచ్చిన పెద్ద కవరు చూపించమని కొట్టువానిని మర్యాదగా అడగవచ్చును. ఇస్సాకువలె చూపు మందగించిన పెద్దలు బడికి వెళ్ళే మనుమరాలిచేత చదివించుకొనండి. ఆ పిల్లకు కూడ అది మంచి పాఠము.

కాడికి రెండవ ఎద్దు ఎక్కడ?

జాబితా చూశాము, 621 లేదు, కాబట్టి గ్లుటామేట్ లేదు అనుకొంటే పొరపాటు. దాగియున్న సంగతి ఇక్కడనే ఉన్నది.

627, 631, 635 అనేవి గ్లుటామేట్‌తో కలిసినప్పుడే బాగుగా పనిచేస్తాయని పైన చెప్పుకొన్నాము. కాడికి ఒక ఎద్దు కట్టి కనబడితే, రెండవ ఎద్దు ఎక్కడనో ఉన్నదని రైతుకు తెలుసు. అట్లే 635 ఒక్కటే కనబడితే, రెండవదాని కొరకు వెదకండి. అది ఈ పేర్లలో ఏదో ఒక దానితో ఉండవచ్చును:

హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్. వేరుశెనగ, సోయా, గోధుమ మొదలైనవాటి మాంసకృత్తులను ఆమ్లముతోనో ఎంజైములతోనో విరుగగొట్టి చేసినది. వేరుశెనగదైతే హైడ్రోలైజ్డ్ గ్రౌండ్‌నట్ ప్రోటీన్ అని ఉంటుంది. మాంసకృత్తులలో కట్టుబడి ఉన్నంతకాలము గ్లుటామేట్‌కు రుచి లేదు. విరుగగొట్టినప్పుడు అది విడుదలై రుచినిస్తుంది.

ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్. రొట్టెను పొంగజేసే ఈస్ట్ నుండి తీసిన సారము. దీనిలోను విడి గ్లుటామేట్ ఉన్నది.

సోయా సాస్ పొడి, చీజు పొడి, టమాటా పొడి. ఇవి వాటంతట అవి ఆహారములే. వీటిలో స్వభావసిద్ధముగా గ్లుటామేట్ ఉన్నది.

వీటిని సంఖ్యలతో చూపరు. ఇవి చట్టప్రకారము ఆహార పదార్థములుగా లెక్కింపబడును గనుక మామూలు పేర్లతో, పిండి, ఉప్పు, పంచదారల మధ్య కూర్చుంటాయి. నేరమేమీ లేదు, జాబితాలో ఉన్నాయి. చూచువాడు తెలిసికొని చూడాలి, అంతే.

“చేర్చలేదు” అన్న మాటకు అర్థమేమి?

కొన్ని పొట్లముల ముందు ఎం.ఎస్.జి. చేర్చలేదు అని పెద్ద అక్షరములతో ఉంటుంది. ఈ మాట మీదనే మన దేశములో 2015లో పెద్ద వివాదము జరిగినది. అంతకుముందు సంవత్సరము ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో మ్యాగీ నూడుల్స్ నమూనాలు తీసి పరీక్షకు పంపారు. ఎం.ఎస్.జి. చేర్చలేదని పొట్లము మీద ఉండగా, గ్లుటామేట్ ఉన్నదని ఫలితము వచ్చింది. సీసము హద్దు మించినదని కూడ పరీక్షలలో చెప్పారు. 2015 జూన్ 5న ఆహార భద్రతా సంస్థ ఆ నూడుల్స్‌ను బజారునుండి వెనుకకు తీసికొమ్మని ఆజ్ఞ ఇచ్చింది. మేము ఎం.ఎస్.జి. వేయలేదు, వేరుశెనగ ప్రోటీను, ఉల్లిపొడి, గోధుమపిండి మొదలైనవాటిలో గ్లుటామేట్ ఉంటుంది అని కంపెనీ చెప్పింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాజ్ఞను కొట్టివేసి, మరల పరీక్ష చేయించమన్నది. మూడు ప్రయోగశాలలలో సీసము హద్దులోపలనే ఉన్నదని తేలి, నవంబరులో ఆ నూడుల్స్ తిరిగి అమ్మకానికి వచ్చాయి. చేర్చలేదు అనే మాటను కంపెనీ తన పొట్లము మీదనుండి తీసివేసింది.

ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని చెప్పుటకు దీనిని ఎత్తలేదు. విడిగా పొడి వేసినను, ప్రోటీను ద్వారా వచ్చినను, గ్లుటామేట్ ఒక్కటే. చేర్చినది ఏది, స్వభావసిద్ధముగా ఉన్నది ఏది అని పరీక్షలో వేరుచేసి చెప్పుటకు వీలులేదని ఆ వివాదము తరువాత 2016లో మన ఆహార భద్రతా సంస్థయే తెలిపింది. అమెరికాలోని ఆహార ఔషధ సంస్థ నియమమైతే ఇంకా ఖండితముగా ఉన్నది. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ వంటివి వేసిన పొట్లము మీద ఎం.ఎస్.జి. లేదు అని గాని, చేర్చలేదు అని గాని వ్రాయకూడదు, అది వినువారిని త్రోవ తప్పించును అని వారి తీర్పు.

అక్షరము సత్యమై, భావము అసత్యము కావచ్చును. లేవీయకాండము 19వ అధ్యాయము చివరిలో త్రాసు, తూనికరాళ్ళు న్యాయముగా ఉండవలెనని దేవుడు ఆజ్ఞాపించాడు. పొట్లము మీది మాట కూడ ఒక తూనికరాయియే. మనలో కొట్టు పెట్టుకొన్న సహోదరులున్నారు, పచ్చళ్ళు, పొడులు కట్టి అమ్మే సహోదరీలున్నారు. మీరు వేసినది వేసినట్టు చీటీ మీద వ్రాయండి. అది కూడ సాక్ష్యమే.

భయము వద్దు, పుకారు వద్దు

ఈ పదార్థములను గూర్చి మన ఫోనులలో తిరిగే వార్తలు చాలా ఉన్నవి. 631 అంటే పందికొవ్వు అని ఒక వార్త. అది నిజము కాదు. 631 కొవ్వు కాదు. దానిని మాంసము, చేపల నుండి తీయవచ్చును, పిండిపదార్థములను పులియబెట్టి కూడ తీయవచ్చును. జంతువు నుండి తీసినదైతే ఆ పొట్లము మీద ఆకుపచ్చ చుక్క వేయుటకు చట్టము ఒప్పుకోదు. మాంసాహారమునకు గోధుమరంగు త్రికోణ గుర్తు వేయాలి.

ఎం.ఎస్.జి. తింటే తలనొప్పి, మెడ తిమ్మిరి వస్తుందనే మాట 1968లో అమెరికాలో ఒక వైద్యుడు వైద్యపత్రికకు వ్రాసిన ఉత్తరముతో మొదలైనది. ఆ తరువాత జాగ్రత్తగా చేసిన పరీక్షలలో అది అందరికి అట్లు జరుగుచున్నట్టు రుజువు కాలేదు. ఆహారము లేకుండ ఒకేసారి 3 గ్రాములు గాని అంతకు మించి గాని తీసికొన్నప్పుడు, కొందరికి మాత్రము కొద్దిసేపు అటువంటి బాధ కలుగవచ్చునని అమెరికా సంస్థ చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణులు 1987లో దీనిని పరిశీలించి, రోజుకింత అని సంఖ్యతో హద్దు పెట్టనవసరము లేదన్నారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో మరల పరిశీలించి, శరీరపు బరువులో కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. అనగా 20 కిలోల బిడ్డకు రోజుకు 600 మిల్లీగ్రాములు.

కాబట్టి దీనిని విషమని ప్రకటించుట మన పని కాదు. పరీక్షించని వార్తను పదిమందికి పంపుట అబద్ధసాక్ష్యమునకు దగ్గరగా నడుచుటయే. మరి ఎందుకింత జాగ్రత్త? ఈ పదార్థము చేసే హాని కంటె, అది దాచే సంగతి పెద్దది. పోషణలేని మైదాకు, నూనెకు, ఉప్పుకు అది విందుభోజనపు వస్త్రము కప్పుతుంది. ఆ వస్త్రము లేకపోతే ఆ పిండిని మన పిల్లవాడు రెండవసారి నోట పెట్టడు. అటువంటి తిండితో కడుపు నిండిన బిడ్డకు పప్పుకు, గుడ్డుకు, ఆకుకూరకు చోటు మిగలదు. సామెతలు 23వ అధ్యాయము మొదటి వచనములలో, రాజు బల్లయొద్ద ఉన్న రుచిగల పదార్థములు మోసపుచ్చునవని జ్ఞాని హెచ్చరించాడు. ఆ రోజున ఆ బల్ల రాజనగరులోనే ఉన్నది. నేడు మన వీధి చివరకు వచ్చింది.

ఎవరు ఎక్కువ జాగ్రత్తపడాలి?

ఏడాది లోపు పసిబిడ్డలు. ఎం.ఎస్.జి. చేర్చిన ఆహారము వారికి తగదని పొట్లము మీదనే హెచ్చరిక ముద్రించాలని మన నియమము. బిడ్డ ఏడ్పు మాన్పించుటకు చిప్సు ముక్క చప్పరించనిచ్చే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. దయచేసి మానండి.

రక్తపు పోటు ఉన్నవారు. మామూలు ఉప్పులో సోడియం నూటికి 39 పాళ్ళు, ఎం.ఎస్.జి.లో సుమారు 12 పాళ్ళు. అంటే ఉప్పు కంటె దీనిలో తక్కువే. కాని పొట్లములలో ఉప్పుకు బదులు కాదు, ఉప్పుతోపాటు దీనిని వేస్తారు. మా సంఘములో ఒక పెద్దాయన వైద్యుడు చెప్పినందున పచ్చళ్ళు పూర్తిగా మానుకొన్నాడు. సాయంత్రము మాత్రము పొట్లము సూపు త్రాగేవాడు. అది రోగులకు మంచిదని ఎవరో చెప్పారట! పొట్లము త్రిప్పి చూస్తే జాబితాలో ఉప్పు ముందు వరుసలోనే ఉన్నది. పెద్దలకు రోజుకు సోడియం 2000 మిల్లీగ్రాములకు, అనగా 5 గ్రాముల ఉప్పుకు లోపల ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అది ఒక టీచెంచాడు మాత్రమే. పోషకముల పట్టికలో సోడియం సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య 100 గ్రాములకా, ఒక్కసారి తినే పాలుకా అని చూడండి. ఉదాహరణకు 100 గ్రాములకు 900 అని ఉంటే, 50 గ్రాముల పొట్లములో 450 ఉన్నట్టు.

గౌట్ అనే కీళ్ళ జబ్బు గలవారు. 627, 631, 635 శరీరములో యూరిక్ ఆమ్లముగా మారే జాతివి. వీరు తమ వైద్యుని అడిగి నడుచుకొనుట మేలు.

వేరుశెనగ, సోయా, గోధుమ పడనివారు. హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ దేనితో చేసినదో చదివి తీరాలి. కారము పొడివలె కనబడే దానిలో వేరుశెనగ ఉన్నదని ఎవరు తలుస్తారు?

చీటీ లేని చోట

పొట్లమునకైతే చీటీ ఉన్నది. బండి మీది నూడుల్స్‌కు, ఫ్రైడ్ రైసుకు, కర్రీపాయింటు కూరకు చీటీ లేదు. అక్కడ అడుగుటయే చదువుట. “టేస్టింగ్ సాల్ట్ వేస్తారా బాబూ? మాకు వేయకుండ చేయండి” అంటే చాలామంది చేసిపెడతారు.

మన సంఘపు విందుల మాట కూడ చెప్పుకోవాలి. క్రిస్మసు ప్రేమవిందుకో, వివాహమునకో వంటమేస్త్రి ఇచ్చే సామాన్ల చీటీని ఈసారి పూర్తిగా చదవండి. అల్లము, వెల్లుల్లి, గరము మసాలాల క్రింద టేస్టింగ్ సాల్ట్ పొట్లము ఉండవచ్చును. మంచి మాంసము, మంచి మసాలా తెచ్చినప్పుడు దానితో పనేమి? మేము మా సంఘ పెద్దలతో మాట్లాడి ఆ వరుసను కొట్టివేయించాము. విందు తరువాత కూర బాగులేదని మాతో అన్నవారు లేరు.

పది దినముల పరీక్ష

బబులోనులో దానియేలు, అతని స్నేహితులు రాజు భోజనముతో తమ్మును అపవిత్రపరచుకొనగోరక, పది దినములు తమ్మును పరీక్షించి చూడమన్నారు. వారి కారణము వేరు, మన కారణము వేరు. అయినను ఆ పద్ధతి మనకు మంచిదే. మీ ఇంటిలో పది దినములు పొట్లపు తిండి లేకుండ చూడండి. మొదటి మూడు దినములు పిల్లలు మారాము చేస్తారు. కొట్టవద్దు, తిట్టవద్దు. ఆకలి వేసినప్పుడు చేతికి అందేట్టు వేరొకటి పెట్టండి. ఉడికించిన శనగలు, వేరుశెనగ పట్టీ, తిరగమోత వేసిన మరమరాలు, అటుకులు, జొన్నపేలాలు, మొక్కజొన్న పొత్తు, తేగ, జామకాయ. ఏ కాలములో ఏది చవుకగా దొరికితే అది. అన్నములోకి నువ్వులపొడి, కొబ్బరి–వెల్లుల్లి కారము, ఎండబెట్టిన టమాటా ఒరుగుల పొడి వేసి, వేడి అన్నముతో కలిపి పెట్టండి. దేవుడు టమాటాలో ఉంచిన కమ్మదనము పొట్లములో అమ్మేదాని జాతిదే. దానితోపాటు ఆహారము కూడ వస్తుంది.

పూర్తిగా మానుట కుదరని ఇంటిలో, నూడుల్స్ మసాలా పొట్లములో సగమే వేసి, ఒక గుడ్డు, గుప్పెడు కూరగాయలు వేసి వండండి. ఉప్పు, రుచిపొడి రెండును తగ్గుతాయి.

సండేస్కూలు ఉపాధ్యాయులకు, సెలవుల బైబిలు పాఠశాల నడిపేవారికి మా మనవి ఒకటి. బిడ్డలకు బహుమతిగా చిప్సు పొట్లము పంచే అలవాటు చాలా సంఘములలో ఉన్నది. సంఘము చేతులతో ఇచ్చినది మంచిదని ఆ బిడ్డ నమ్ముతాడు. ఆ నమ్మకమునకు తగినది ఇద్దాము. అరటిపండు ఇచ్చినను, పల్లీపట్టీ ఇచ్చినను చాలును. ఒక ఆదివారము పెద్దపిల్లలచేత ఖాళీ పొట్లములు తెప్పించి, 620 నుండి 635 వరకు ఉన్న సంఖ్యలను ఎవరు ముందు కనుగొంటారో పోటీ పెట్టండి. ఆ సాయంత్రమే ప్రతి ఇంటికి ఆ వార్త చేరుతుంది.

పొట్లము మీద ఉన్నది ఒకటి, లోపల ఉన్నది ఒకటి అని నిజముగా తోచినట్లయితే, పొట్లమును, రసీదును దాచి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము నంబరు 1915కు తెలియజేయవచ్చును. కొట్టువానితో తగవు పెట్టుకొనవద్దు. అతడు కట్టినది కాదు, అమ్మినవాడు మాత్రమే.

ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయములో దేవుడు తన మాట వినువారికి ఇచ్చు దీవెనలలో గంపకును, పిండి పిసుకు తొట్టికిని దీవెన ఉన్నది. ఆత్మను గూర్చి మాత్రమే గాక, ఇంటిలోనికి వచ్చే గంపను గూర్చి కూడ మన దేవునికి లక్ష్యమున్నది. ఆ గంపలో ఏమి వేసికొనుచున్నామో చూచుకొనే కన్నులను, మన బిడ్డలకు సత్యమైన రుచిని నేర్పే ఓపికను ప్రభువు మన తల్లులకును తండ్రులకును అనుగ్రహించును గాక. ఆమేన్.